వేడెక్కని టైర్లు

రేసుల్లో వాడే నున్నటి టైర్లు శ్యామ్ బాబు మోటారు సైకిలుకి వేస్తున్నప్పుడే మెకానిక్ పాపారావు చెప్పాడు. "ఇవి బాగా వేడెక్కితేనే రోడ్డుని పట్టుకుంటాయండి. మన కాలవగట్ల మీద వేడెక్కవండి."

శ్యామ్ బాబు వినలేదు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదకి ఎక్కగానే బండి జారింది. వెనక కూర్చున్న బావమరిది సుధీర్ కాలవలో పడి చనిపోయాడు. బండి నడిపింది సుధీరేనని శ్యామ్ బాబు అందరికీ చెప్పాడు, భార్య నిఖితకి కూడా.

అప్పట్నుంచీ బండి పాకలోనే ఉంది.

ఈవేళ చీకటి పడ్డాక నిఖిత వంటింట్లోంచి అడిగింది. "బండి చప్పుడైంది. ఎక్కడికెళ్లొచ్చేరండీ?"

"నేనెక్కడికీ వెళ్లలేదే."

టార్చి పట్టుకుని పాకలోకి వెళ్లాడు. బండి నిండా దుమ్ము అలాగే ఉంది. నడిపేవాడు కూర్చునే చోట మాత్రం సీటు తడిగా ఉంది. వంగి టైరు ముట్టుకున్నాడు. చెయ్యి చుర్రుమంది.

వెనకాలే వచ్చి నిలబడింది నిఖిత.

"మరి ఎవరు నడిపేరండీ?"

శ్యామ్ బాబు టార్చి ఆర్పేశాడు.