మూగ మ్యాపు

ఆక్సిజన్ సిలిండర్ల వ్యాను డ్రైవరు, నెట్ లేకపోయినా దారి చూపే యాప్‌లలోకెల్లా చిన్నదాన్ని ఏరుకున్నాడు. పెద్దదానికి ఫోన్‌లో చోటు కావాలంటే పోయిన భార్య ఫొటోలు తీసెయ్యాలి. ఆ పని ఆయన వల్ల కాదు.

"ఇది ఉత్త మూగది బావా. గీత చూపిస్తుందంతే, పలకదు," అన్నాడు బావమరిది.

"మీ అక్క ఇన్నేళ్లు చెప్పింది చాల్లేరా."

పైకి అలా అన్నాడు గానీ, ఆ గొంతు లేకే వ్యాను బోసిపోయింది. పక్క సీట్లో కూర్చుని దారి చెప్పడమంటే ఆమెకి మహా సరదా. కుడిఎడమలు మాత్రం జన్మలో అబ్బలేదు. నోరు కుడి అంటుంటే చెయ్యి ఎడమకి చూపేది. డ్రైవరు ఎప్పుడూ నోటిని వదిలేసి చేతినే నమ్మేవాడు.

ఆ రాత్రి కొండవతల ఆసుపత్రిలో ఒక ముసలాయన ఊపిరి ఈయన తెచ్చే సిలిండరు కోసమే కాచుకుని ఉంది. దారి రెండుగా చీలిన చోట మ్యాపులో గీత ఆగిపోయింది. ఒకటి ఆసుపత్రికి పోతుంది. రెండోది వరదకి కూలిన వంతెన మీదికి. ఏది ఏదో చీకట్లో తెలియడం లేదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

అప్పుడు మూగ యాప్ పలికింది.

"కుడికండీ, కుడికి."

ఆమె గొంతే. అదే తొందర.

డ్రైవరు స్టీరింగు తిప్పలేదు. ఆ నోటిని నమ్మి బాగుపడిన రోజు ఒక్కటీ లేదు.

"చెయ్యి చూపించవే," అన్నాడు మెల్లిగా, ముందుకే చూస్తూ.

పక్క సీటు కిర్రుమంది.

చెయ్యి ఎటు చూపిస్తోందో తెలియాలంటే, ఇక ఆ సీటు వైపు తిరగాలి.