బూరికి బెంగ కాదు

అది జూలై పద్దెనిమిది అని చిదంబరం మాస్టారికి బాగా గుర్తు. ఆ పొద్దున ఆయన కొబ్బరి పచ్చడితో ఇడ్లీ తింటుండగా, పెంపుడు కుక్క బూరి నీళ్లు తాగే గిన్నె మెల్లగా గొంతు సవరించుకుంది. "మాస్టారూ, బూరి నీళ్లు మరీ ఎక్కువ తాగుతోందండి. డాక్టరమ్మకి కబురు పెట్టాను."

మధ్యాహ్నానికల్లా ఆపరేషన్ బండి, కూరగాయల బండిలాగే వీధిలోకి వచ్చి ఆగింది. డాక్టర్ పరిమళ బూరి పొట్ట మీద పల్చటి గుడ్డ కప్పింది. లోపలున్నదంతా ఆ గుడ్డ మీద వెన్నెల్లో ఊరిలా కనిపించింది.

"ఇదిగోండి, మూత్రపిండం పక్కన గ్రంథిలో గడ్డ. ఆ దాహం, ఆయాసం, రాత్రిళ్లు తిరగడం అన్నీ దీనివల్లే."

"మా ఆవిడ పోయిందని బెంగ పెట్టుకుందనుకున్నానమ్మా. రాత్రిళ్లు ఇద్దరం కలిసే తిరుగుతున్నాం."

"బెంగైతే నేనేం తియ్యగలను మాస్టారూ? గడ్డ గనక తీస్తాను. కానీ ముట్టుకోగానే రక్తపోటు ఎగిరిపోతుంది, ప్రాణం మీదకి రావచ్చు. గట్టెక్కితే మాత్రం హాయిగా నిద్రపోతుంది. ఇక మీరొక్కరే తిరగాలి మరి!"

"తిరుగుతాలే. దాన్ని పడుకోనీ తల్లీ."

మిణుగురుల్లాంటి పనిముట్లు వెలుగుతూ లోపలికి వెళ్లాయి. గడ్డను తాకగానే బూరి గుండె పరుగు తీసింది. మిణుగురులన్నీ ఎక్కడివక్కడ ఆగి, అది నెమ్మదించేదాకా కాచుకున్నాయి. చివరికి అవి ఆ గ్రంథిని గడ్డతో సహా మోసుకొచ్చాయి.

కొన్నాళ్లకు ఒక రాత్రి మాస్టారు అలవాటుగా లేచారు. బూరి లేవలేదు. కాళ్లు బారజాపుకుని, కలలో ఎవరినో చూసి తోకాడిస్తోంది. ఎవరినో ఆయనకు తెలిసినట్టే అనిపించింది. వాళ్లిద్దరినీ కదిలించకుండా గది తలుపు మెల్లగా మూశారు.