ఎర్ర చుక్క వెంట

"ఏమమ్మా, మీటరు తప్పించి యాడనుంచి లాగినావు వైరు?"

బాగేపల్లిలో మునిరత్నమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి పురుషోత్తమ్ గద్దించాడు. లోపల గ్రైండరులో దోసెల పిండి తిరుగుతోంది. ఆవిడ చేతికంటిన పిండి కూడా కడుక్కోకుండా ఆయన్ను మీటరు దగ్గరికి నడిపించింది.

"కండ్లు తెరిచి చూడప్పా. మీరు పెట్టిపొయిన మీటరే కదా, మిణుకు మిణుకుమంటాండాది. పిండి రుబ్బుకునేదానికి దొంగతనమేంది? పట్టపగలు ఆడోళ్ళ వంటింట్లో దూరేది మీ కరెంటు ఇలాఖాలో నేర్పిస్తారా?"

వెంట ఉన్న లైన్‌మన్ ఆంజనేయప్ప మీటరు పరీక్షించి, ఏ తప్పూ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పురుషోత్తమ్ ముఖం చిన్నబోయింది. ఏదో గొణిగి బయటపడ్డాడు.

పురుషోత్తమ్ కరెంటు ఇంజనీరు. దేశంలోని కరెంటు లైన్లన్నింటినీ తెలివైనవిగా మార్చే పెద్ద ప్రణాళిక ఒకటి దిల్లీలో తయారవుతోంది. దానికి నమూనాగా చిక్కబళ్ళాపుర జిల్లాను చూపించాలని ఆయన కాళ్ళరిగేలా తిరిగాడు. ట్రాన్స్‌ఫార్మరుకో మీటరు, ఇంటికో మీటరు పెట్టించాడు. ట్రాన్స్‌ఫార్మరు పంపిన కరెంటుకూ ఇళ్ళ మీటర్లు చూపిన కరెంటుకూ పొంతన కుదరకపోతే ఆయన చేతిలోని ట్యాబులో ఎర్ర చుక్క వెలుగుతుంది. అంటే అక్కడ ఎవరో తీగకు నేరుగా కొక్కెం తగిలించారన్నమాట.

"ఇంక దొంగను కుర్చీలో కూర్చునే పట్టేస్తాం" అని ఆయన చెప్పని సభ లేదు. ఇప్పుడు చూస్తే కుర్చీ అక్కడుంది, ఆయన ఎండలో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. తన ఉపన్యాసాలు తలుచుకుంటే తనకే నవ్వొస్తోంది, ఆ వెంటనే ఏడుపూ వస్తోంది.

నిన్న చుక్క చిక్కబళ్ళాపురలో వెలిగింది. అదీ ఆయన రైతులకు ఈ కొత్త మీటర్ల గొప్పతనం వివరిస్తున్న సభకు పక్క వీధిలోనే! సభ మధ్యలో ఆపి, డ్రైవర్ నాగేశ్‌కు ఫోన్ చేసి, కారెక్కేసరికి చుక్క ఆరిపోయింది. ఇవాళ ఆయన బాగేపల్లికి వస్తే దొంగా బాగేపల్లికి వచ్చాడు. మునిరత్నమ్మ చేత తిట్లు తిని, పై వీధిలో చూద్దామని కారు పిలిచాడో లేదో, చుక్క మళ్ళీ మాయం.

"ఏం దొంగరా వీడు! నేను కాలు కదిపితే వానికి తెలిసిపోతాండాది" అన్నాడు కారులో కూలబడుతూ.

"మనోళ్ళే ఎవురో వానికి ఫోన్ కొడతాండారు సార్" అన్నాడు నాగేశ్ గంభీరంగా.

ఆ మాట పురుషోత్తమ్ మనసులో నాటుకుంది. వెనక సీటులో ఆంజనేయప్ప వైపు తిరిగాడు.

"నీ ఫోను ఇట్లియ్యి. రేపు దొంగ దొరకలేదంటే నువ్వు సస్పెండు."

"నా పిల్లోళ్ళ మీద ఒట్టు సార్, నాకేమీ తెలీదు." ఆంజనేయప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పురుషోత్తమ్‌కు జాలి వేసింది. కాని తన మీద తనకు వేసే జాలే అప్పటికి ఎక్కువగా ఉంది.

ఇంటికి వెళ్ళాక, "మీటర్లకు వచ్చిన తెలివిలో సగం నాకొచ్చింటే బాగుండు" అన్నాడు భార్యతో.

"ఆ టెండరు కూడా పిలవాల్సింది" అందావిడ పళ్ళెం ముందు పెడుతూ.

మర్నాడు బెంగళూరు నుంచి పెద్దాఫీసరు ప్రతిమ మేడం వచ్చింది. ఈ నమూనాను దేశ ప్రణాళికలో చేర్చాలో చెత్తబుట్టలో వేయాలో దిల్లీకి రాయాల్సింది ఆవిడే. ఆవిడకు ఏ ఊరు చూపించేదీ పురుషోత్తమ్ ఎవరికీ చెప్పలేదు. ఆంజనేయప్ప ఫోను తన జేబులోనే ఉంది. కారు కదిలాక మాత్రం నాగేశ్ చెవిలో "చింతామణి" అన్నాడు.

"సచ్చినా ఎవురికీ చెప్పను సార్" అన్నాడు నాగేశ్.

నాగేశ్ అంటే ఆయనకు గురి. బండి గోల తన దాకా తేకూడదని మొదటి రోజే చెప్పాడు. నాగేశ్ తేలేదు. దారిలో ఎక్కడా ఆపడు. పిలిస్తే చాలు, చప్పుడు లేకుండా కారు తెచ్చి ముందు నిలబెడతాడు. ఆఫీసులో అందరూ ఇలా ఉంటే ఎంత బాగుండును!

చింతామణి ఆఫీసులో ప్రతిమ మేడంకు కాఫీ ఇచ్చి, పురుషోత్తమ్ ట్యాబు తెరిచాడు. ఊరంతా పచ్చగా ఉంది. ఆయన కడుపు నిండిపోయింది. గంట సేపు మాట్లాడాడు. మేడం మెచ్చుకుంటూ తలాడిస్తోంది.

"చూడండి మేడం, ఊరు మొత్తంలో ఒక్క దొంగ..."

ఎర్ర చుక్క వెలిగింది. రెండు వీధుల అవతల.

ఆంజనేయప్ప గోడకు చేరగిలబడ్డాడు. పురుషోత్తమ్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ప్రతిమ మేడం మాత్రం ఉత్సాహంగా లేచి నిలబడింది.

"మంచిదే కదండీ! పదండి, పట్టుకుందాం. దొంగ దొరికాడంటే మీ నమూనా పనిచేసినట్టే. ఇవాళే దిల్లీకి రాసేస్తాను."

పురుషోత్తమ్‌కు పోయిన ప్రాణం లేచి వచ్చింది. తన మనుషుల చురుకుదనం మేడంకు వినిపించాలని ఫోను స్పీకరు పెట్టి మరీ అరిచాడు.

"నాగేశ్! దొంగ చిక్కినాడు, కారు తే, బిరీన!"

"ఒక్క నిమిషం సార్, కారు చార్జింగులో ఉండాది, కరెంటు కంబం పైన తీగకు తగిలించిన కొక్కెం తీసేసి వచ్చేస్తాండా!"