ఎవరికన్న అభ్యంతరమా?

కరీంనగర్‌లోని పార్టీ అధ్యయన కేంద్రంలో అందరూ వెళ్లిపోయారు. మధులిక ఒక్కతే కూర్చుని, పొద్దుటి మీటింగ్ రికార్డింగ్ ఫోనులో వింటూ మినిట్స్ రాస్తోంది.

"ఉట్నూర్ దిక్కు నల్లాలల్ల నీళ్లు వస్తలేవని నదీమ్ రిపోర్ట్ రాసిండు. అంటే ఇంటింటికి నీళ్లిచ్చినమన్న పార్టీ అబద్ధం చెప్పినట్టా? ఆయనను నౌకరీల నుంచి తీసేస్తున్నం. ఎవరికన్న అభ్యంతరమా?" డైరెక్టర్ సంతోష్‌రావు గొంతు.

ఆ ఎండిన నల్లాలను నదీమ్‌తో కలిసి తిప్పి చూసింది తనే. అయినా పొద్దున మీటింగ్‌లో తల వంచుకుని ఊరుకుంది. పోతున్నప్పుడు అతని మొహం చూడలేకపోయింది.

రికార్డింగ్‌లో కాసేపు ఫ్యాను చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు.

"నదీమ్ రాసింది నిజమే సార్. నేను గూడ చూసిన."

అది తన గొంతే.

రేపు సార్ ఇది వింటే? మధులిక వేలు డిలీట్ మీదికి పోయింది.

ఫోనులో ఫ్యాను చప్పుడు ఆగింది. మళ్లీ తన గొంతే.

"గిప్పుడు గూడనా, మధులికా?"