ఆరు అక్షరాలు

"ఇదేందిమే, నత్త మాదిరి చుట్టుకుంటాంది?"

"నీ పేరులో రెండో అక్షరం అది. రాయి."

చిన్నతాయి రాసింది. అగ్గిపెట్టె అట్టల వెనక, తెల్లగా ఉన్న వైపు. ముప్పై ఏళ్ళుగా తమిళనాడు కోవిల్‌పట్టిలో ఆ అట్టలకు జిగురు పూస్తున్న చెయ్యి. పెన్ను పట్టడం ఇదే మొదలు. తమిళంలో ఆమె పేరుకు ఆరు అక్షరాలు. ఇంట్లో మాట్లాడే తెలుగు రాయడం ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

"ఆరు అచ్చరాలకు ఇంత పొద్దా! ఈపాటికి అరవై పెట్టెలు అంటించేసుందును. కైనాట్టు పెడితే ఒప్పుకోరా?"

"ఒప్పుకుంటారు. ఆఫీసరు ముందర వేలిముద్ర వెయ్యాల. చూసి నవ్వుతారు. నా నామినేషన్ కాయితం మీద నల్ల బొటనేలు వద్దు."

"ఓహో, దొరసానికి రోషం!" అంది చిన్నతాయి. మళ్ళీ రాసింది.

అక్షరాలు దిద్దిస్తున్న పాండిసెల్వికి ఇరవై మూడేళ్ళు. మున్సిపల్ ఎన్నికల్లో వాళ్ళ వార్డుకు నిలబడుతోంది. ఆ పిచ్చి ఆమెకు ఎక్కించింది అళగర్సామి. మూడుసార్లు గెలిచిన కౌన్సిలర్. రెండేళ్ళ కిందట విరుదునగర్‌లో ఆమె చదివే కాలేజీకి ముఖ్య అతిథిగా వచ్చాడు. "ఊరిని ఏలే సభలో అన్నీ నెరిసిన తలలే ఎందుకు? మీరు రండి. నేను లేచి నా కుర్చీ ఇస్తాను!" అన్నాడు. హాలు అదిరిపోయింది. వక్తృత్వంలో మొదటి బహుమతి షీల్డు పాండిసెల్వి చేతికిచ్చి ఫోటో దిగాడు.

ఆమె నమ్మింది. వీధికి పన్నెండు రోజులకొకసారి కుళాయి నీళ్ళు. అడగడానికి ఎవరో ఒకరు లోపలికి పోవాలి కదా. పోటీకి వచ్చింది, ఆయన వార్డులోనే.

నామినేషన్‌కు ఆ వార్డు ఓటరు ఒకరు ప్రతిపాదించాలి. పాండిసెల్వి పద్దెనిమిది ఇళ్ళు తిరిగింది. "నువ్వు రావాలమ్మా" అన్నారు అందరూ. పెన్ను మాత్రం ఎవరూ పట్టలేదు. వాళ్ళంతా పనిచేసే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీ అళగర్సామి మనిషి. చివరికి చిన్నతాయే, "నా పేరు రాసుకో పో" అంది. ఆ రాత్రే అక్షరాలు మొదలయ్యాయి.

కాగితం దాఖలైంది. ఆ వార్డులో రెండే నామినేషన్లు.

మర్నాడు సాయంత్రం పాండిసెల్వి సైకిలు మీద వీధులు తిరుగుతుండగా, అళగర్సామి కారు చిన్నతాయి గుమ్మం ముందు ఆగింది. బయట తమిళం తప్ప మాట్లాడని మనిషి, ఆ రోజు తెలుగెత్తుకున్నాడు.

"మనం ఒక బాసోళ్ళం చిన్నతాయీ. నీ దగ్గర దాచేదేముంది? పిల్ల మంచిదే. నా చేత్తోనే షీల్డు ఇచ్చినా. కానీ పొద్దుగూకేదాకా ఒంటరిగా సైకిలు తొక్కుతాండాది. బైపాస్‌లో సున్నపురాయి లారీలు. బ్రేకు పడకపోతే ఎవురిని అడిగేది, చెప్పు?"

చిన్నతాయి వేళ్ళకున్న జిగురు ఎండి బిగుసుకుంది.

నామినేషన్ల పరిశీలన రోజు అళగర్సామి వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. ప్రతిపాదించిన సంతకం దొంగదట. పిలిపించారు. చిన్నతాయి అళగర్సామి కారులోంచే దిగింది. పాండిసెల్వి అది చూసింది. చూసినా, ఇంకా నమ్మకంగానే నిలబడింది.

అధికారి తమిళంలో అడిగాడు. "ఇది నీ సంతకమేనా?"

"కాదయ్యా. నేను కైనాట్టుని."

అళగర్సామి వకీలు ఆమె రేషన్ కార్డు దరఖాస్తు పెట్టాడు. ఫ్యాక్టరీ హాజరు పుస్తకం పెట్టాడు. అన్నిట్లో బొటనవేలే.

"పెన్నివ్వండి సార్! ఇక్కడే రాయమనండి!" పాండిసెల్వి తమిళంలో అరిచింది.

అధికారి తెల్లకాగితం జరిపాడు. చిన్నతాయి పెన్నును పిడికిలితో పట్టుకుంది, చంటిపిల్ల గరిటె పట్టుకున్నట్టు. ఒక వంకర గీత గీసింది. ఆపేసింది.

"నాకు రాదయ్యా."

ఇరవై రోజులు రాసిన చెయ్యి. కళ్ళు మూసుకుని రాయగల చెయ్యి.

"వేలిముద్ర అయ్యుంటే నా ముందరే పెట్టించేవాణ్ణమ్మా," అన్నాడు అధికారి. "నేనే సాక్షిని అయ్యేవాణ్ణి." నామినేషన్ చెల్లదని రాసేశాడు. అళగర్సామికి ఇక పోటీ లేదు.

వరండాలో పాండిసెల్వి ఆమెకు అడ్డం నిలబడింది. ఈసారి తెలుగులోనే అరిచింది.

"ఎంతకి అమ్ముడుపోయినావు? చెప్పు! వీధిలో ఎవురూ రాకపోయినా నువ్వుండావనుకుంటినే!"

చిన్నతాయి తల దించుకుంది. "ఏమన్నా తిన్నావా మే?" అంది.

పాండిసెల్వి పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మింది.

అళగర్సామి బయటికొచ్చాడు. మెడలో అప్పుడే దండ పడింది. అందరూ చూస్తుండగా పాండిసెల్వి భుజం తట్టాడు. "బాధపడకమ్మా. ఐదేళ్ళు ఆగు. మీలాంటి యువత రావాలి" అని, ఫోటోగ్రాఫర్ వైపు తిరిగాడు.

గుమాస్తా వచ్చి తిరస్కరించిన నామినేషన్ నకలు పాండిసెల్వి చేతిలో పెట్టాడు. చింపెయ్యబోయి ఆగింది. మడత విప్పింది.

ప్రతిపాదించినవారి గడిలో అడ్డగీతతో కొట్టేసిన 'చిన్నతాయి', పైన 'అభ్యర్థి తండ్రి లేదా తల్లి పేరు' అన్న గడిలో మాత్రం అలాగే ఉంది.