అడిగితేనే నోరు విప్పు

మధ్యాహ్నం కుట్టుమిషన్ ఆపి, అక్క తమ్ముడికి ఫోన్ చేసింది. అతను ఫ్యాక్టరీలో బాయిలర్ మీటర్లు చూసి రిజిస్టర్‌లో రాస్తాడు. అతనికున్నది ఆస్పర్జర్స్ అనే ఒకరకం ఆటిజమని డాక్టర్ చెప్పినా, తోటివాళ్ళు మాత్రం మొరటోడనే అంటారు. పోయిన వారం ఇంజనీరు తప్పును నలుగురిలో ఎత్తిచూపి మెమో తెచ్చుకున్నాడు. ఈ ఉద్యోగం ఊడితే ఇంకోటి దొరకదన్న భయంతో అక్క, "అడిగితేనే నోరు విప్పు" అని ఒట్టు వేయించుకుంది.

"ఇవాళ ఎవరితోనూ గొడవ పడలేదు కదరా?"

"లేదక్కా. నువ్వు చెప్పినట్టే పొద్దుట్నుంచీ పెదవి విప్పలేదు."

"మా బంగారమే. ఇన్నాళ్ళకి మనుషుల్లో పడ్డావు." ఆమెకు గుండెల మీది బరువు దిగినట్టయింది. "వెనకాల ఆ ఈల ఏంట్రా?"

"బాయిలర్. ముల్లు ఎర్ర గీత దాటి నలభై నిమిషాలైంది."

"ఎవరికైనా చెప్పావా?"

"రిజిస్టర్‌లో రాశాను. ఎవరూ అడగలేదు."

ఆమె ఒళ్ళోని గుడ్డ జారి కిందపడింది. "నా ఒట్టు గట్టున పెట్టు. ఇప్పుడే, అందరికీ వినపడేలా అరిచి చెప్పు."

అతను అరిచాడు. తమ్ముడి గొంతు అంత పెద్దగా ఆమె ఎన్నడూ వినలేదు. ఈసారి ఎవరూ అతన్ని కసురుకోలేదు. పరుగెత్తే అడుగుల చప్పుడు ఫోన్‌లో కాసేపు వినిపించి ఆగిపోయింది. ఈల మాత్రం అంతకంతకూ పెరుగుతోంది.

"అక్కా, పదకొండు మందీ వెళ్ళిపోయారు," అన్నాడు తమ్ముడు, ఎప్పటిలాగే నెమ్మదిగా. "నా డ్యూటీ రెండింటిదాకా ఉంది. నేను కూడా వెళ్ళొచ్చా అని ఇప్పుడు ఎవర్ని అడగాలి?"