ఎయిర్‌బ్యాగు దొంగ

"నా ఎడమ కన్ను తినీసింది మీరే! కాపాడే సంచని సెప్పి బాంబు బిగించి అమ్మీసేరు. అది పేలేక ఊడపీకి దాసీసేరు. దొంగల్లారా!"

బరంపురం కార్ల షోరూము నడిమధ్యన నిలబడి పద్మావతి అరిచిన అరుపుకి, కొత్త బండి కొనడానికి వచ్చిన మొగుడూ పెళ్లాలు చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా బయటపడ్డారు.

మేనేజరు ప్రద్యుమ్న పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, మెల్లగా మాట్లాడండి. ఆ ఎయిర్‌బ్యాగు మాది కాదని కోర్టుకి రాసిచ్చాం కదా. మీరే ఎక్కడో బయట నకిలీది వేయించుకున్నారు."

"బండి కొన్న ఆరో నెల్లోనే? నాకేటి పిచ్చేటి?"

"అదంతా కోర్టులో తేల్చుకోండి."

పద్మావతిది అప్పడాల వ్యాపారం. మూడు నెలల కిందట పక్కనున్న చికిటి ఊరి కొట్లకి సరుకు వేసుకుని వెళ్తుంటే గేదె అడ్డొచ్చింది. బ్రేకు తొక్కింది. బండి మెల్లగా వెళ్లి మైలురాయికి తగిలింది. బంపరు సొట్ట కూడా పడలేదు. కానీ స్టీరింగులోని ఎయిర్‌బ్యాగు ఢామ్మని పేలి, లోపలి ఇనప ముక్క ఆమె కంట్లో దిగింది. ఆ కన్ను ఇక లేదు.

పరీక్ష చేస్తామని బండిని షోరూము వాళ్లు పట్టుకెళ్లారు. పేలిన సంచి ఊడదీసి సామాన్ల గదిలో పెట్టారు. ఆ తరవాత మాది కాదన్నారు. వాళ్లది కానప్పుడు తిరిగి ఇచ్చెయ్యాలి కదా? ఇవ్వరు. అదే రకం బండ్లు ఊరంతా తిరుగుతున్నాయి, ఒక్కదాన్నీ వెనక్కి పిలవరు. ఇంకెంతమంది కళ్లు పోవాలో వాళ్లకే తెలియాలి.

పద్మావతి తరఫున వినియోగదారుల కోర్టులో కేసు వేసింది లాయరు సుశ్మిత. షోరూములో గొడవ సంగతి విని తల పట్టుకుంది.

"పిన్నీ, అరుపులతో అవదు. సోమవారం వాయిదా. ఆ సంచి ఆళ్లదేనని రుజువు సెయ్యకపోతే కేసు పోయినట్టే."

"సంచి ఆళ్ల సామాన్ల గదిలోనే ఉంది కదా?"

"ఉంది. అయితే ఏటి?"

"ఏటంటే..." పద్మావతి కుర్చీ దగ్గరికి లాక్కుని చెవిలో ఏదో చెప్పింది.

సుశ్మిత ఉలిక్కిపడింది. "పిన్నీ! నాను లాయర్ని. ఇలాంటివి నాకు సెప్పకు."

"సెప్పీసేను కదే!"

సుశ్మిత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆపదే!

శుక్రవారం ఉదయం పద్మావతి పెద్ద బుట్టతో షోరూములో దిగింది. ఈసారి గొడవకి కాదట, మొన్న నోరు పారేసుకున్నందుకు క్షమాపణట. అందరికీ తలో కట్ట అప్పడాలు పంచింది. ప్రద్యుమ్న రెండు కట్టలు తీసుకున్నాడు.

"కోపం పోయినట్టేనా అమ్మా?"

"కోపం నాకేటి బాబూ! బాత్రూమెక్కడ?"

చూపించిన వైపే వెళ్లింది. బాత్రూము దాటి సామాన్ల గది తలుపు తోసింది. నాలుగు నిమిషాల్లో బయటికి వచ్చింది. అప్పడాలన్నీ పంచేసిన బుట్ట మీద గుడ్డ మాత్రం కొండలా ఉబ్బి ఉంది. గార్డు లేచి తలుపు తీసి మరీ పంపాడు.

గంట తరవాత చూస్తే సామాన్ల గది అటక మీద ఉండాల్సిన సంచి లేదు. ప్రద్యుమ్న గది బయటి కెమెరా రికార్డు వెనక్కి తిప్పి చూశాడు. పద్మావతి గదిలోకి వెళ్లడం, ఉబ్బిన బుట్టతో రావడం, పోతూ పోతూ కెమెరాకేసి ఓ నవ్వు విసరడం! సోమవారం ఆ సంచి కోర్టు బల్ల మీద పెట్టిందంటే తన ఉద్యోగం ఊడినట్టే.

పోలీసుస్టేషనుకి ఉరికాడు.

కబురు పెట్టగానే పద్మావతి సుశ్మితని వెంటేసుకుని వచ్చింది. ఎస్సై ఒడియావాడు, తెలుగు బాగానే వచ్చు; పిన్నిని మాత్రం మావుసీ అనే అంటాడు.

"మావుసీ, ఈయన ఎయిర్‌బ్యాగు ఎత్తుకెళ్లావట?"

"ఆ నకిలీ సరుకా? అది ఆళ్లది కాదని ఆళ్లే రాసిచ్చేరు బాబూ. ఎవులిదో తెలీని సెత్తకి కేసేటి?"

ఎస్సై కలం ఆపి ప్రద్యుమ్నకేసి చూశాడు. "మీది కాదా? మరి పోయిందని మీరెందుకొచ్చారు? మీదైతే మీదని రాయండి. లేకపోతే దయచేయండి."

ప్రద్యుమ్న హెడ్డాఫీసుకి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

"ఎల్లు నాయనా, ఎల్లు," అంది పద్మావతి ముద్దుగా. "సోమవారం కోర్టులో కలుద్దుం."

అంతే. షోరూము మర్యాదంతా ఎగిరిపోయి ప్రద్యుమ్న నోట్లోంచి సొంత భాష ఊడిపడింది.

"మాదే! మా ఫ్యాక్టరీలో బిగించిందే! ఎవులిదనుకున్నారేటి? నంబరు కూడా ఉంది!"

కాగితం లాక్కుని తనే బరబరా రాసేశాడు. ఎయిర్‌బ్యాగు నంబరు, తయారైన తేదీ, పద్మావతి బండి నంబరు, 'ఫ్యాక్టరీలో బిగించిన మా కంపెనీ అసలు సామాను' అన్న ముక్క. కింద సంతకం. దాని పక్కన జేబులోంచి తీసి కొట్టిన షోరూము ముద్ర.

"ఇప్పుడు పట్టుకోండి దీన్ని!"

ఎస్సై కాగితం చదివి తలెత్తాడు. "మావుసీ, ఇప్పుడు కేసు గట్టిదే. సంచి ఎక్కడుంది?"

సుశ్మిత గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పద్మావతి లేచి ఎస్సై బల్ల మీద అరచెయ్యి ఆనించింది.

"ముందు ఆ కాయితం మీద స్టాంపు గుద్ది, నకలొకటి మా లాయరమ్మ సేతిలో పెట్టు బాబూ, ఇప్పుడే, నా కళ్లెదరే! సంచంటావా, ఆళ్ల గదిలోనే బీరువా ఎనకాల పడుంది, బుట్టలో ఉబ్బింది నా పాత సీర; నాను దొంగిలించడానికి ఎల్లింది ఈడి సంతకాన్ని!"